పచ్చ గుర్తు పెట్టిన మధ్యాహ్నం

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. మా అక్క కూతురికి తొమ్మిదో నెలలో వేయాల్సిన తట్టు టీకా వేయలేదని నాకు తెలుసు. తెలిసీ, ఒక నెలాఖరు మధ్యాహ్నం, వేసినట్టు కంప్యూటర్‌లో గుర్తు పెట్టాను. పెట్టమని ఎవరూ చెప్పలేదు. పెడుతుంటే ఎవరూ చూడలేదు. పాప పేరు ఎదుట ఎర్రగా ఉన్న గడి పచ్చబడింది. నేను లేచి వెళ్ళి చేతులు కడుక్కుని, డబ్బాలో తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాను. ఊరగాయ మరిచిపోయానని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. గుర్తు సంగతి రాయలేదు.

రాసినా ఎవరూ చదివేవారు కాదు. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, కానీ తెలుగు చదవడం ఎవరికీ రాదు. మా వాళ్ళు ఈ కోయంబత్తూరు వైపుకి ఎన్ని తరాల కింద వచ్చారో మా తాతకే తెలియదు. మాట నోటిలో మిగిలింది, అక్షరం మాత్రం దారిలో ఎక్కడో పోయింది. బడిలో మాకు తమిళం, ఇంగ్లీషు. పన్నెండో తరగతి అయిపోయాక నేను ఫోన్‌లో చూసి తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. భాష మీద ప్రేమతో నేర్చుకున్నానంటే వినడానికి బాగుంటుంది. నిజం అది కాదు. నాకంటూ తాళం వేసుకునే పెట్టె లేదు. తెలుగులో రాస్తే డైరీ మంచం మీద తెరిచి పెట్టి వెళ్ళినా భయం లేదు. పుస్తకాలు తెప్పించుకోవడం, వాటిలో మునిగిపోవడం తర్వాత వచ్చిన అలవాటు.

మాది కోయంబత్తూరులోనే సింగానల్లూరు. నాన్న పనిచేసిన మిల్లు మూతపడ్డాక ఒక లేత్ వర్క్‌షాపులో కుదిరాడు. డిగ్రీ అయ్యాక నాకు ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో డేటా ఎంట్రీ పని దొరికింది. కాంట్రాక్టు ఉద్యోగం. నర్సులు కాగితం మీద రాసుకొచ్చిన టీకాల వివరాలు పోర్టల్‌లో ఎక్కించాలి. ఏ పిల్లలకి ఏ టీకా బాకీ ఉందో చూసి ఇళ్ళకి ఫోన్ చెయ్యాలి. ఫోన్ అంటే నాకు చెమటలు పట్టేవి. అందుకే చెప్పాల్సింది మొత్తం ఒక చీటీ మీద రాసుకుని, అది చూసి చదివేదాన్ని. అవతలివాళ్ళు చీటీలో లేని మాట ఏదైనా అడిగితే "సరి అక్కా" అని పెట్టేసేదాన్ని. ఈ "సరి" అనే మాట నన్ను చాలా సార్లు కాపాడింది. ఎవరిని ముంచిందో ఇప్పుడు రాస్తున్నాను.

అక్కని తేని దగ్గర చిన్నమనూరు పక్కన ఒక ఊరికి ఇచ్చాము. వాళ్ళదీ తెలుగు ఇల్లే. కొబ్బరి, కొంచెం వరి, రెండెకరాల ద్రాక్ష పందిరి. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి ఏడో నెలలో గాజులు తొడిగించుకుని మా ఇంటికి వచ్చింది. తమిళ ఆడి నెలలో, అంటే జూలైలో, పాప పుట్టింది. పుట్టిన చోటే పేరు నమోదు చేస్తారు. అలా మా కేంద్రం జాబితాలోకి వచ్చింది. ఎక్కించింది నేనే. అంత జాగ్రత్తగా ఏ పేరూ ఎక్కించలేదు. పుట్టిన బరువు రెండుసార్లు సరిచూసుకున్నాను.

నెలన్నర సూదికి, మా వాళ్ళ మాటలో ఊసికి, అక్క పాపని ఎత్తుకుని మా కేంద్రానికి వచ్చిన బుధవారం గుర్తుంది. వరండా నిండా తల్లులు.

"ఏమే, నీ ఆఫీసే గదా. మమ్మల్ని ముందుగా విడుస్తారా, మేమూ లైన్లో నిలవల్లా?" అంది అక్క.

"లైన్లోనే," అన్నాను.

"అబ్బ, పెద్ద కలెక్టరు వచ్చింది!" అని పక్కనున్న ఆమెతో, "ఇంట్లో నోరే తెరవదు ఇది. ఇక్కడ చూడు, రూల్ మాట్లాడతాది," అంది.

మా నర్సు సిస్టర్ కూడా తెలుగు ఇంటావిడే. మా వీధి చివర చర్చి పక్కన ఇల్లు. పాప తొడకి సూది గుచ్చగానే పాప ఎత్తుకున్న ఏడుపుకి ఆవిడ నవ్వింది. "ఏమి గొంతు! అమ్మ గొంతే వచ్చిండాది, అమ్మిణీ. మా చర్చి దాకా వినపడతాది," అంది. అక్క గర్వంగా అటూ ఇటూ చూసింది.

ఆ అయిదు నెలలు నేను పని నుంచి రాగానే పాపని ఒళ్ళో వేసుకుని తెలుగు పుస్తకాలు పైకి చదివేదాన్ని. అంతకుముందు ఎవరికీ ఏదీ చదివి వినిపించినదాన్ని కాదు. పాప నా నోటి వంక కాదు, గొంతు వచ్చే వైపుకి తల తిప్పేది. నేను గదిలో ఇటు పక్క నుంచి అటు పక్కకి నడుస్తూ చదివితే తల నాతోపాటు తిరిగేది. "దానికి ఏమి తెలుసునని చదువుతావు?" అని అమ్మ అడిగేది. దానికి తెలియకపోవడమే నాకు ధైర్యం.

అయిదో నెలలో అక్క అత్తింటికి వెళ్ళింది. అప్పుడే పాప పేరుని ఆ ఊరి కేంద్రానికి మార్పించాల్సింది. నేను అడిగాను. "తొమ్మిదో నెలకి ఇక్కడికే వస్తాను గదా, ఎందుకు మార్చేది?" అంది అక్క. నేను "సరి" అన్నాను. మా ఆడవాళ్ళ మొదటి పిల్లలందరి కథా ఇదే. పేరు పుట్టిన చోట ఉంటుంది, బిడ్డ ఎక్కడో పెరుగుతుంది. ఇక్కడి నర్సు ఆ బిడ్డ అక్కడ ఉంది కదా అనుకుంటుంది. అక్కడి నర్సు పేరు ఇక్కడ ఉంది కదా అనుకుంటుంది. ఇద్దరూ తప్పుగా అనుకోవడం లేదు. మధ్యలో ఒకే ఒక సూది జారిపోతుంది.

చిత్తిరైలో, అంటే ఏప్రిల్‌లో, పాపకి తొమ్మిది నెలలు నిండాయి. జాబితాలో పేరు వచ్చింది. చీటీ లేకుండా నేను ఫోన్ చేయగలిగేది అక్కకొక్కదానికే.

"అక్కా, పాపకి తొమ్మిదో నెల ఊసి. వచ్చే బుధవారం వస్తావా? లేదంటే అక్కడనే వేయించేస్తావా?"

"ఇక్కడ కాపు కట్టేసినారే," అంది.

అంటే మారియమ్మ పండుగ మొదలైంది. చేతికి పసుపు దారం కట్టుకుని మొక్కు పట్టడం కాపు. ఆ ఏడాది అక్క అత్త మనవరాలి పేరు మీదే అగ్నిచట్టి, అంటే నిప్పుల కుండ, ఎత్తుతానని మొక్కుకుంది. కాపు విప్పేదాకా ఆ ఇంట్లో తాలింపు వెయ్యరు. చెప్పులు తొడగరు. ఊరు దాటి రాత్రి ఉండరు. పసిబిడ్డలకి సూది పొడిపించరు. అందులోనూ ఇది తట్టు సూది. తట్టు పోస్తే మేము జబ్బు వచ్చిందనము, అమ్మ వచ్చిందంటాము.

అక్క చేతిలోంచి ఫోన్ అత్త తీసుకుంది.

"ఏమ్మా, చదువుకొన్న పిల్లవి. నీవే చెప్పు. అమ్మ మా వీధిలోకి వచ్చే నెల ఇది. అమ్మ మా తావకి రాకూడదని బిడ్డకి ఊసి వేసి, మళ్ళ నేను అమ్మకే చట్టి ఎత్తల్లా? ఏమి మొగం పెట్టుకొని ఎత్తేది?"

"అట్ల కాదత్తా..."

"ఒక ఇరవై దినాలు. కాపు ఇప్పినాక నేనే ఎత్తుకొని పోతాను. నా మనవరాలు నాకు బరువా?"

"సరి అత్తా," అన్నాను.

ఆమె గురించి తర్వాత మా ఇంట్లో చాలా మాటలు అన్నారు. నేనూ విన్నాను, తల ఊపాను. కానీ ఆమె అడిగింది ఇరవై రోజుల గడువు మాత్రమే. ఆ ఇరవై రోజులని ఎప్పటికీ తీరని గడువుగా చేసినది నేను.

నెలాఖరుకి వీడియో మీటింగు ఉంటుంది. అధికారి ఒక్కొక్క కేంద్రాన్ని పిలిచి, నూటికి ఎంతమందికి టీకా పడిందో ఆ అంకె చదువుతాడు. పక్క కేంద్రాలన్నీ నూరు. మాది ఒక్క పేరు దగ్గర ఆగింది. "అందరూ ముగించారు, మీకేం వచ్చింది? ఎవరి బిడ్డ అది?" అని తమిళంలో అడిగాడు. సిస్టర్ నా వైపు చూసింది. చెప్పాల్సిన జవాబు నాకు తెలుసు. బిడ్డ ఊరిలో లేదు, ఇరవై రోజులు ఆగమన్నారు, ఆగుదాము. పద్నాలుగు మొహాలున్న ఆ తెర ముందు ఆ నాలుగు మాటలు నా నోట రాలేదు.

మీటింగు అయ్యాక సిస్టర్ నా బల్ల దగ్గరికి వచ్చింది. "మీ అక్క బిడ్డే గదా, అమ్మిణీ. వేసిండారా లేదా అని అడిగి, ముగించేయి," అంది. అడిగి, అంది. అబద్ధం పెట్టమనలేదు. ఇన్నాళ్ళూ ఆ "అడిగి" అన్న మాటని మరిచిపోవాలని చూశాను. ఆవిడ మీద కొంత నెట్టగలిగితే తేలికగా ఉండేది.

వేయలేదు అని పెడితే పోర్టల్ కారణం అడుగుతుంది. కారణాల పట్టీలో జ్వరం ఉంది, ఊరిలో లేరు అని ఉంది, నిరాకరించారు అని ఉంది. కాపు కట్టారు అని లేదు. ఊరిలో లేరు అని పెడితే ఎక్కడున్నారో రాయాలి, అక్కడి నుంచి ఎవరో ఆ ఇంటికి వెళ్తారు. అప్పటికే అక్క ఆ ఇంట్లో ప్రతి పనికీ అత్త మొహం చూసి నడుచుకునేది. చెల్లెలు ఆఫీసులో చెప్పి ఇంటి మీదికి మనుషులని పంపించింది అంటే అక్క గతి ఏమిటి? ఇలా ఆలోచించాను. ఇది అక్క మీద ప్రేమే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇరవై రోజుల్లో వేస్తారు, వేశాక ఈ గుర్తు నిజమే అవుతుంది, కొంచెం ముందుగా పెట్టానంతే అనుకున్నాను. ఆ రోజు తేదీ వేసి నొక్కాను. ఆ నెల మాదీ నూరయింది.

ఆ గుర్తు ఏం చేస్తుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు మా కేంద్రంలో లేరు. తల్లి ఫోన్‌కి వెళ్ళే గుర్తుచేసే సందేశం ఆగిపోతుంది. బాకీ జాబితాలోంచి పేరు పోతుంది. వేరే ఊరి నర్సు తన ఫోన్‌లో చూసినా ఆ బిడ్డ పూర్తయినట్టే కనిపిస్తుంది. ఒక బిడ్డ కోసం తిరిగే చక్రాలన్నీ ఒక్క నొక్కుతో నిలిచిపోతాయి.

కాపు విప్పిన వారం ఫోన్ చేశాను. ద్రాక్ష కోత మొదలయిందట. అక్క ఆయాసపడుతూ మాట్లాడింది.

"ఊసి వేసినారా అక్కా?"

"ఆమా, వేస్తాములే. మా అత్తే తలుచుకొని చెప్పింది. ఇక్కడ సిస్టరు మొబైలు పట్టుకొని ఇంటింటికీ వస్తాది గదా. వస్తే ఆమే పిలుస్తాది. నీకెందుకే ఇంత బయం?"

ఆ సిస్టర్ వస్తుంది, కానీ ఆమె మొబైల్‌లో బాకీ ఉన్న పిల్లల్లో మన పాప ఉండదు. ఈ ఒక్క మాట చెప్పాలి. అది చెబితే ఎందుకుండదో చెప్పాలి. ఫోన్ చెవికి పెట్టుకుని బస్సు స్టాపులో నిలబడ్డాను. రెండు బస్సులు వెళ్ళిపోయాయి.

"సరి అక్కా," అన్నాను.

మళ్ళీ ఒకసారి అడగబోయాను. అప్పుడు అమ్మ పక్కన ఉంది. ఇంకోసారి అక్కే తొందరలో ఉంది. ఆ తర్వాత అడగడమే మానేశాను. ఏమీ జరగకపోవడానికే ఎక్కువ అవకాశం ఉందని నాకు నేను నచ్చచెప్పుకున్నాను. అది అబద్ధం కూడా కాదు. చుట్టూ ఉన్న పిల్లలందరికీ టీకా పడితే, పడని ఒక్క బిడ్డనీ ఆ చుట్టూ ఉన్నవాళ్ళే కాపాడతారు. తట్టుకైతే నూటికి తొంభై అయిదుగురికి రెండు డోసులూ పడి ఉండాలి. ఇది నేను పనిలో చేరిన కొత్తలో చదివి డైరీలో రాసుకున్న సంగతి.

ఈ విషయాలు చదవడం నా రహస్యమైన అలవాటు. ప్రతి ఏడూ ప్రపంచం మొత్తం టీకాల లెక్క బయటికి వస్తుంది. ఎవరూ చదవమనకపోయినా నేను బస్సులో ఫోన్‌లో చదువుతాను. అందులో ఒక గీత ఉంటుంది. ఎన్నో ఏళ్ళు పైకి ఎక్కుతూ వచ్చి, ఒకచోట చదునుగా నిలిచి, కరోనా ఏళ్ళలో కిందికి పడి, మళ్ళీ లేచి, పూర్తిగా లేవలేక నడుస్తున్న గీత. ఆ తొంభై అయిదుని ప్రపంచం ఇంకా అందుకోలేదు. యుద్ధం జరిగే చోట్ల మందు పెట్టె చేరదు. డబ్బున్న దేశాల్లో చేరిన మందుని తల్లిదండ్రులు వద్దంటారు. ఒక్క సూదీ పడని పిల్లలని వేరే రంగులో చూపిస్తారు. అంతా చదివి, అయ్యో అనుకుని, సింగానల్లూరులో దిగి ఇంటికి నడిచేదాన్ని. అది ఎవరి కథో అన్నట్టు.

ఆ గుర్తు పెట్టిన తర్వాత వచ్చిన ఏడు కూడా చదివాను. ఆ సారి గీత కనిపించలేదు. దాని కింద ఉన్న బల్లలు కనిపించాయి. నాలాంటి వాళ్ళు, నా బల్లలాంటి బల్లలు, నెలాఖరు మధ్యాహ్నాలు. ఆ లెక్క వేసేవాళ్ళు తెలివైనవాళ్ళు. దేశాలు పంపిన అంకెలని అలాగే నమ్మరు. ఇంటింటికీ తిరిగి అడిగి సరిచూస్తారు, సందేహం ఉంటే తగ్గిస్తారు. అయినా మందు చేరనివాళ్ళకి ఒక పేరుంది, వద్దన్నవాళ్ళకి ఒక పేరుంది. కాగితం మీద మాత్రమే టీకా పడ్డ బిడ్డకి ఏ పేరూ కనిపించలేదు నాకు. పేరు లేని ఆ గుంపులోకి నేను నా ఇంటి పాపనే పంపాను.

పదిహేనో నెలలో పాపకి జ్వరం వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి. మూడో రోజు చెవుల వెనక నుంచి ఒళ్ళంతా దద్దుర్లు దిగాయి. అక్క ఫోన్ చేసి, "అమ్మ వచ్చిండాది," అని మాత్రం చెప్పింది. గుమ్మానికి వేపాకు కట్టారు. పాప పక్కన వేపకొమ్మ పెట్టారు. అమ్మ దిగిపోయిందని మూడుసార్లు తలకి నీళ్ళు పోసేదాకా ఆస్పత్రి మాట ఎత్తకూడదు. నాన్న ఇక్కడి నుంచి అరిచాడు. "వేపాకు పెట్టండి, వద్దని ఎవరు అన్నారు? కాని డాక్టరు తావకి కూడా తీసుకొని పోండి!" అన్నాడు. అక్క మొగుడు ఆఖరికి తన తల్లి మాట దాటి పాపని ఎత్తుకుని పరుగెత్తేటప్పటికి జబ్బు ఊపిరితిత్తులకి పాకింది. చెవుల్లోంచి చీము కారుతోంది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంచారు.

పాప బతికింది. అందరూ మారియమ్మకి దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. నాది అందరికంటే గట్టి దండం.

రెండు నెలల తర్వాత ఒక రోజు అక్క అమ్మతో ఫోన్‌లో చెబుతోంది. కుక్కర్ విజిల్ వేస్తే పాప అంతకుముందు ఉలిక్కిపడి ఏడిచేదట. ఇప్పుడు దాని పక్కనే కూర్చుని ఆడుకుంటోందట. అమ్మ నవ్వింది. "అలవాటు ఆయిపాయిండాది, అంతే," అంది. నేను గోడకి ఆనుకుని వింటున్నాను. అప్పుడు నాకు పాప తల గుర్తొచ్చింది. నేను చదువుతూ నడిస్తే నా వెంట తిరిగిన తల.

పరీక్షకి కోయంబత్తూరు తీసుకొచ్చారు. అక్క మా ఇంట్లో నాలుగు రోజులు ఉంది. మొదటి సాయంత్రం, ఎవరూ లేనప్పుడు, పాప వెనక కూర్చుని పుస్తకం తీసి ఒక పేజీ చదివాను. పాప ముందున్న గిన్నెలో చెంచా వేస్తూ, తీస్తూ ఉంది. గొంతు పెంచి చదివాను. పాప చెంచా వేసింది, తీసింది. వంటింట్లోంచి అమ్మ, "ఎవరితోనే అరుస్తుండావు?" అంది.

ఆస్పత్రిలో పాపని నిద్రపుచ్చి తలకి తీగలు అతికించి చూశారు. రెండు చెవులూ పోయాయని చెప్పింది డాక్టరు. చిన్న వయసావిడ, మెల్లగా, మెత్తగా చెప్పింది. తట్టు తర్వాత ఇలా అవుతుందట, ఎక్కువమందికి కాదట. ఏం చెయ్యవచ్చో, ఏ మిషను పెట్టవచ్చో, ఎన్ని ఏళ్ళు నేర్పించాలో చెప్పింది. తర్వాత టీకాల కార్డు అడిగింది. కార్డు ఎప్పుడో పోయింది. ఆస్పత్రిలో అడుగుతారేమోనని అక్క మొగుడు ముందే చిన్నమనూరులో బ్రౌజింగు సెంటర్లో పాత ఫోన్ నెంబరు చెప్పి ప్రింటు తీయించి పంపాడు. అక్క దాన్ని చదవలేదు. ప్లాస్టిక్ కవర్లోంచి తీసి ఇచ్చింది.

డాక్టరు వేలు పెట్టి చదివింది. "తట్టు టీకా వేయించారే. వేయించినా కొందరికి వస్తుందమ్మా. చాలా అరుదు."

"వేయలేదు డాక్టర్," అంది అక్క.

"ఇదిగో, తేదీ ఉంది చూడండి."

అక్క కాగితం తీసుకుని చూసింది. తేదీ చూసింది. ఆ తేదీన పాప కాపు కట్టిన నాయనమ్మ ఒళ్ళో ఉంది. మా కేంద్రం పేరు చూసింది. ఆ పేరు ఆమెకి కొత్త కాదు. గోడకి అంటించి ఉన్న ఒక బొమ్మని నేను చదువుతున్నట్టు నిలబడ్డాను. చెవి లోపలి భాగాల బొమ్మ అది.

"ఇది ఎవరు డాక్టర్ ఎక్కించేది?" అని అడిగింది అక్క.

"ఆ సెంటర్లో డేటా ఎంట్రీవాళ్ళు ఉంటారు," అని డాక్టరు తన ఫైలులో రాసుకుంది. టీకా వేసిన బిడ్డ, అని రాసుకుంది. ఆ రాత నా కళ్ళ ముందే జరిగింది. నా గుర్తు అబద్ధపు సాక్షి కూడా అయింది. అక్క అత్తింటి వీధిలో అప్పటికే అనుకుంటున్నారు. ఆ ఇంటి పాపకి ఊసి వేసినట్టు సిస్టరే మొబైల్‌లో చూపించింది, వేసినా అమ్మ వచ్చింది, ఇంకేమి లాభం అని. సిస్టరు సూదికి వస్తే ఇద్దరు తల్లులు తమ పిల్లలని లోపల దాచారట. వచ్చే ఏడు ఆ గీత ఎక్కడైనా వెంట్రుక వాసి కిందికి దిగితే, అందులో నా వంతు ఉంటుంది.

తిరిగి రావడానికి టౌన్ బస్సు ఎక్కాము. పాప కిటికీ కమ్మీ నాకుతోంది. అక్క దాని మూతి తుడిచి, నా వైపు తిరగకుండానే అంది.

"సిస్టరు మా వీధికి వచ్చినప్పుడు నేను తోటలో ఉంటిని. సాయంత్రం అత్త చెప్పింది, నేనే బిడ్డని ఎత్తుకొని పోతిని, సిస్టరు మొబైలు చూసి మీ పాపకి ఆయిపాయింది, ఇంకొకటి అప్పురం, ఒకటిన్నర ఏటికి, వెయ్యల్ల అని తిరిపి పంపేసింది అని. అత్త కత చెప్తాది అనుకొంటిని. అంత జరిగినాక, ఆస్పత్రిలో అందరి ముందరా ఆమెని నీవే నా బిడ్డని చంపబోయినావని అంటిని. ఆమె ఏడిచింది. వేయించల్లని పోతినే, పోతినే అని ఏడిచింది. నేను నమ్మలేదు."

నేను ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను.

"చెప్పవే," అంది. "నోరు ఉండాది గదా నీకు."

నా చీటీ మీద ఏమీ రాసి లేదు. "సరి" అనడానికి కూడా కుదరని చోటు అది. అవునని నేను అనలేదు. ఇప్పటిదాకా అనలేదు. ఆమె అడగడం ఆపేసింది.

ఇంట్లో అమ్మకీ నాన్నకీ అక్క ఒక్క ముక్క చెప్పలేదు. రాత్రి అన్నం పెట్టుకుని తింది. పాపకి తినిపించింది. ఉండబట్టలేక నేనే చెప్పేశానని ఎవరైనా అనుకుంటారేమో. చెప్పకుండా ఉండడం ఒక్కటే నాకు చేతనయింది. ఆ తర్వాత కేంద్రంలో ఒకసారి పాప పేరు తెరిచి చూశాను. గుర్తు తీసేయవచ్చు. తీస్తే కారణం రాయమని ఒక గడి వస్తుంది, రాసింది అధికారికి వెళ్తుంది. ఖాళీ గడిలో గీత మినుకుమినుకుమంటుంటే కాసేపు చూసి మూసేశాను. ఆ నెల కూడా మాది నూరే.

ఆస్పత్రికి వెళ్ళొచ్చిన మర్నాడు పొద్దున అక్కని బస్సు ఎక్కించడానికి నేనే వెళ్ళాను. అమ్మ పంపించింది, వద్దనడానికి ఏ కారణం చెప్పాలో తెలియలేదు. తేని వెళ్ళే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పాప అక్క ఒళ్ళో నిలబడి కింద వేరుసెనగలు అమ్మేవాడి నోటిని రెప్పవేయకుండా చూస్తోంది. అతను ఆగగానే వేరే నోరు వెతుక్కుంటోంది. డ్రైవరు హారన్ కొట్టాడు. కింద నిలబడ్డ నేను అదిరిపడ్డాను. పాప ఇంకా ఆ నోళ్ళనే చూస్తోంది.

ఆ రోజు తర్వాత అక్క నాతో మాట్లాడలేదు. అమ్మ ఫోన్ నా చేతికి ఇస్తే అవతల పని ఉందని పెట్టేస్తుంది. బస్సు కదలబోతుంటే కవర్లోంచి ఆ ప్రింటు తీసి, మడత విప్పకుండా కిటికీలోంచి నా చేతిలో పెట్టింది. అప్పుడు అన్నవే నాతో ఆమె అన్న ఆఖరి మాటలు.

"ఇది నీ తావనే పెట్టుకో. దీంట్లో ఉండే బిడ్డకి ఏమీ కాలేదు."